కుక్కల బండి వచ్చిన పొద్దున

యజ్ఞనారాయణగారికి కుక్కలంటే గిట్టదు. ఆ మాట అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతూనే ఉండేవారు. కాకినాడ నుంచి వచ్చి, బ్యాంకులో రిటైరై, షామీర్‌పేట దగ్గర కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్న మనిషి. కాలనీ సంఘానికి కార్యదర్శి కూడాను. రోజూ తెల్లవారగానే ఇళ్ల వెనకాల రాళ్లగుట్ట ఎక్కేవారు. ఐదు వీధికుక్కలు కూడా ఎక్కేవి.

"నేనేం తీసుకెళ్లడం లేదండీ, వాటి కాళ్లు వాటివి" అనేవారు. జేబులో బిస్కెట్ల పొట్లం ఎవరికో మాత్రం చెప్పేవారు కాదు. ఆయనకేమో షుగరు.

ఐదింటిలో ఒకటి కుంటిది. సగం గుట్ట దాకా వచ్చి, అక్కడ బండ మీద చతికిలబడేది. దిగేటప్పుడు ఆయన దాన్ని ఓ పూట తిట్టవలసినన్ని తిట్లు తిట్టి, చివరి బిస్కెట్టు పెట్టేవారు.

ఇలా ఉండగా 2003లో ఒక మీటింగులో ఎదురింటి జనార్ధన్ లేచాడు. కుక్కలు స్కూటరు వెంటపడితే వాళ్లమ్మాయి కిందపడి మోచెయ్యి గీరుకుందట. కుక్కల బండిని పిలవాల్సిందే అన్నాడు. అందరూ చేతులెత్తారు. కార్యదర్శి ఎత్తకపోతే ఏం బావుంటుంది? ఆయనా ఎత్తారు. ఫోను చేసింది కూడా ఆయనే. బండెక్కిన కుక్క తిరిగొచ్చినట్టు ఆ చుట్టుపక్కల ఎవరూ వినలేదు. ఆయనకి అన్నం సయించడం మానేసింది.

బండి వచ్చే రోజు మామూలు కంటే ముందే గుట్టకి బయల్దేరారు. కుంటిది ఎప్పటిలాగే సగంలో కూర్చుంది. అక్కడుంటే కింద నుంచి ఇట్టే కనబడుతుంది.

"లేవవే తల్లీ, ఇవాళొద్దే" అని బతిమాలారు. అది తోకాడించింది. ఇక లాభం లేదని, అటూ ఇటూ చూసి, దాన్ని చంటిపిల్లలా భుజాన వేసుకున్నారు. మోకాళ్ల నొప్పులతో, చచ్చీచెడీ పైకి చేరారు.

కాసేపటికి కింద నుంచి వాచ్‌మన్ సిద్దయ్య కేక వినబడింది. "సారూ, బండొచ్చింది! ఒక్క కుక్క గూడ కనవడ్తలేదు. జనార్ధన్ సారు పరేషాన్ అయితాండు!"

ఆయన బండరాయి చాటున నక్కారు. కుక్కలకి నక్కడం రాదు కదా, ఐదూ ఒక్కసారే మొరిగాయి.

ఇంకేముంది, దిగక తప్పలేదు. కింద జనార్ధన్, బండివాళ్లు నిలబడి ఉన్నారు.

"సాదుకునేటియైతే మేం ముట్టం సార్. గీ కుక్కలు ఎవ్వరియి?" అన్నాడు బండివాడు.

యజ్ఞనారాయణగారు కుంటిదాన్ని భుజం మీద సర్దుకున్నారు. "నావే."

"ఐదూనా?" అన్నాడు జనార్ధన్.

"ఐదూ."

"అయితే ఇంట్లో కదండీ ఉండాలి. పదండి, చూద్దాం." జనార్ధన్ అంత తేలిగ్గా వదిలే రకం కాదు.

ఊరేగింపు ఆయన ఇంటికి బయల్దేరింది. భార్య బాలాత్రిపురసుందరిగారిది మడీ ఆచారం. కుక్క గేటులోంచి తల పెడితే వాకిలంతా పసుపునీళ్లు చల్లే ఇల్లాలు. ఆవిడ కాదంటే ఐదూ బండెక్కుతాయి.

ఆవిడ బయటికొచ్చారు. భర్తని చూశారు, భుజం మీది కుక్కని చూశారు, వెనకాల బండిని చూశారు.

తర్వాత గేటు బార్లా తీసి కుక్కల వంక తిరిగి, "ఇంతసేపా రావడం? అందరూ కాళ్లు కడుక్కుని రండి, పెరుగన్నం కలిపాను" అన్నారు.