ఆకుల పావడా వద్దన్న లింగమ్మ

తెలంగాణ వచ్చిన మూడో ఏడు. అమ్రాబాద్ దగ్గరి ఒక సర్కారు హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. ఆ ఏడాది యాన్యువల్ డేకు "మన పిల్లలు, మన సంస్కృతులు" అని పేరు పెట్టారు. వినడానికి బాగానే ఉంది. అసలు సంగతి రిహార్సల్‌లో బయటపడింది.

హెడ్మాస్టర్ గారు కల్వకుర్తి నుంచి ఆకుల పావడాలు, ప్లాస్టిక్ విల్లంబులు కిరాయికి తెప్పించారు. చెంచుల డ్యాన్సట! ఎనిమిదో తరగతి లింగమ్మ అడవిలోని చెంచు పెంట, అంటే చెంచుల గూడెం, నుంచి వచ్చే పిల్ల కాబట్టి ఆమెను ముందు వరుసలో నిలబెట్టారు. పావడా చేతికివ్వగానే లింగమ్మ దాన్ని బెంచీ మీద పెట్టేసింది.

"మా పెంటల ఎవ్వరు ఆకులు కట్టుకోరు టీచర్. మా అమ్మ చీర కడతది. గిది కట్టుమంటే రేపటి సంది నేను బడికి రాను."

ఉత్త బెదిరింపు కాదది. ఆ పెంట నుంచి హైస్కూలు దాకా వచ్చిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. మధ్యలో చదువు మానేసిన పిల్లలను మేము డ్రాపౌట్ అంటాం. మేమే తరిమేశామని మాత్రం చెప్పం. నాకు ఒళ్లు మండిపోయింది. నేరుగా హెడ్మాస్టర్ గదికి పోయాను.

"డ్రెస్సులు వచ్చినయి మేడం, గిప్పుడు వద్దంటే ఎట్ల? చెంచు డ్యాన్స్‌ల చెంచు పిల్ల లేకుంటే వచ్చినోళ్లు నవ్వరా?"

"చెంచు పిల్లను ఏడిపిచ్చి ఆడిస్తే మెచ్చుకుంటరా సార్? గా పావడాలు అంత మంచిగుంటే స్టాఫందరం కట్టుకుందాం పాండ్రి. నేనే ముందు నిలబడత."

మెమో ఇస్తానన్నారు, అంటే సంజాయిషీ అడిగే కాగితం. ఇచ్చుకోండి అని వచ్చేశాను.

"మరి నువ్వేం చూపిస్తవ్ బిడ్డా?" అని లింగమ్మను అడిగాను. అంతవరకూ ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు.

యాన్యువల్ డే నాడు చెంచు డ్యాన్స్ వంతు వచ్చినప్పుడు నేను లింగమ్మ పేరు పిలిచాను. స్కూలు యూనిఫాంలోనే, భుజాన వాళ్ల నాయిన నార తాడుతో వేదికెక్కింది.

"మా నాయిన గీ తాడు పట్టుకొని కొండ అంచు మీదికెల్లి తేనెకు దిగుతడు. పైన తాడు కాడ మా మేనమామనే కూసుంటడు. ఇంకెవ్వల్ని నమ్మరు. తన చెల్లె బతుకు కింద ఏలాడుతాంటే అన్న తాడు ఇడుస్తడా?"

ఆ మాటకు పిల్లలంతా లేచి చప్పట్లు కొట్టారు. లింగమ్మ వేదిక పక్కనున్న నా దగ్గరికి వచ్చి తాడు కొస చేతిలో పెట్టింది. "మామ రాలే. నువ్వు పట్టుకో టీచర్" అంది. హెడ్మాస్టర్ గారు నాకేసి ఉరిమి చూస్తూనే ఉన్నారు. రెండు చేతులా పట్టుకున్నాను.

మెమో వచ్చింది. "పిల్ల బడికి వస్తోంది" అని ఒక్క ముక్క జవాబు రాశాను.

పిల్లల సంస్కృతిని పండుగ చేయాలంటే ముందు ఆ పిల్లలనే అడగాలని నాకు నేర్పింది లింగమ్మ. ఇప్పుడు నేను వేరే బడిలో ఉన్నాను. ఇక్కడా కిరాయి డ్రెస్సుల మాట ఎత్తుతారు, నేను అడ్డం పడతాను. మొండిది అంటారు. అననీ. ఒక పిల్ల నన్ను నమ్మి చేతిలో తాడు పెట్టింది. నేను విడువను.