హాలంతా ఊ కొట్టిన రోజు

నేను గిద్దలూరులో జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. కాపురం కంభంలో. మా అమ్మ ఇప్పటికీ చంద్రశేఖరపురం దగ్గరి మా పల్లెలోనే ఉంటుంది. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్ళూ కలుపులకూ మిరపకాయల కోతకూ పోయిన మనిషి. రచయిత్రినని చెప్పుకోవడానికి నాకు రెండు చిన్న కథల పుస్తకాలున్నాయి. వాటిలో చాలా భాగం బస్సులో రాసుకున్నదే. మిగిలింది పరీక్షల డ్యూటీలో, పిల్లలు తలలు వంచుకుని రాస్తుంటే వరసల మధ్య తిరుగుతూ మనసులో కట్టుకున్నది. రాసుకోవడానికని ఒక మనిషికి గది ఇచ్చి, నెలల కాలం ఇచ్చి, ఏమీ అడగకుండా వదిలేసే చోటు ఉంటుందని ఎవరైనా చెబితే నేను నమ్మేదాన్ని కాదు.

కొన్నేళ్ళ కిందట కరేబియన్ దీవులకు చెందిన ఒక పెద్ద రచయిత్రి నవల నా చేతికొచ్చింది. చెరకు తోటల్లో కూలికి పోయే ఒక తల్లి, ఆమె ముగ్గురు కూతుళ్ళు, వాళ్ళ కథ. ఆ దీవి ఎక్కడుందో మ్యాపులో చాలాసేపు వెతుక్కున్నాను. ఆ తల్లి సాయంత్రం పని దిగి నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడే తీరును మాత్రం ఎక్కడా వెతుక్కోనక్కరలేకపోయింది. ఈ పుస్తకాన్ని తెలుగు చెయ్యాలనుకుని ఆమెకు మెయిల్ పెట్టాను. ఒప్పుకుంది. అప్పటినుంచి మాటల అర్థాలు అడుగుతూ ఆమెను విసిగిస్తూనే ఉన్నాను.

ఒకసారి ఆమె దగ్గరనుంచి ఊహించని జవాబు వచ్చింది. ఐరోపాలో ఒక పరిశోధనా సంస్థ ఉందట. ఏటా ఆ దీవుల్లోని పేరున్న రచయితలను పిలిచి, వాళ్ళ పని వాళ్ళు చేసుకోవడానికి చోటిస్తుందట. ఆ వసంతంలో తాను అక్కడ ఉంటుందట. తెలుగు చేస్తున్న నన్ను కూడా కొద్ది రోజులు పిలవమని వాళ్ళను అడిగిందట. నీ ప్రశ్నలకు జవాబులు టైపు చేసీ చేసీ వేళ్ళు నొప్పి పుడుతున్నాయి, వచ్చి ఎదురుగా కూర్చుని అడుగు అని రాసింది. అంతకుముందు నేను విమానం ఎక్కలేదు.

అక్కడి వ్యవహారాలు చూసే ఆవిడ మొదటిరోజు నన్ను ఆ భవనమంతా తిప్పి చూపించింది. పాత ఇటుకల కట్టడం, ఎత్తయిన కిటికీలు, వాటికవతల ఇంకా చిగురు వెయ్యని చెట్లు. రచయితలకిచ్చే గదిలో ఒక పెద్ద బల్ల, ఒక దీపం, గోడ పొడుగునా పుస్తకాలు. ఇక్కడికి వచ్చినవాళ్ళు ఎంత రాశారో మీరు ఎప్పుడు చూస్తారని అడిగాను. మేమసలు చూడం అంది. ఏమీ రాయకుండా వెళ్ళిపోతే ఏం చేస్తారన్నాను. ఆవిడ నా వైపు ఆశ్చర్యంగా చూసి, "రాయలేకపోవడం కూడా ఆ పనిలో భాగమే కదండీ" అంది. నేను ఆ బల్ల మీద చెయ్యి ఆనించి కాసేపు అట్లాగే నిలబడిపోయాను. ప్రార్థనలో మాత్రమే నేను అట్లా నిలబడతాను.

రచయిత్రికి డెబ్బై దాటాయి. పొడుగు మనిషి. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, రెండు స్వెట్టర్ల మీద శాలువా చుట్టుకుని ఉంది. నేను మేడమ్ అని పిలవబోతే చెయ్యి అడ్డం పెట్టింది. వాళ్ళ దీవిలో పెద్దవాళ్ళనెవరినైనా, బంధువులైనా కాకపోయినా, వరస పెట్టే పిలుస్తారట. మా వైపూ అంతేనన్నాను. మీ భాషలో నేను నీకు ఏమవుతానో చూసుకుని అట్లాగే పిలువు అంది. పెద్దమ్మా అని పిలిచాను. ఆ మాటను రెండుసార్లు నోట్లో తిప్పుకుని, బాగుందంది.

ఆమె రాసే తీరు నాకు మరీ వింత. ముందు నిలబడి వాక్యాన్ని పైకి చెప్పేది. మళ్ళీ చెప్పేది, ఒక మాట తీసేసి. కిటికీదాకా నడిచి వెనక్కి వచ్చి మళ్ళీ చెప్పేది. ఒక రోజు పొద్దునంతా ఒక్క వాక్యంతోనే గడిపింది. ఒక గుడ్డివాడు తన ఇల్లు ఎక్కడుందో దారినపోయేవాడికి చెప్పే వాక్యం. భోజనం వేళకు అది కుదిరింది. చెప్పి చూసుకుంది, తల ఊపింది, అప్పుడు బల్ల దగ్గర కూర్చుని రాసుకుంది. ఇన్ని పుస్తకాలు రాసిన మనిషి, ఇన్ని బహుమతులు వచ్చిన మనిషి, కొత్తగా రాయడం మొదలుపెట్టినదానిలాగా ఒక మాట కోసం అట్లా తిరుగుతుంటే మూల కుర్చీలో నేను చూస్తూ కూర్చున్నాను.

తర్వాత రోజు నా అనువాదం చదివి వినిపించమంది. మీకు అర్థం కాదు కదా అన్నాను. చెవికి అర్థం అవసరం లేదంది. మొదటి అధ్యాయం చదివాను. ఆమె కళ్ళు మూసుకుని వింది. తల్లి పెద్దకూతుర్ని పేరు పెట్టి అరిచే చోటికి వచ్చేసరికి చెయ్యెత్తి ఆపింది.

"ఇక్కడ నా తల్లి కోపంగా ఉంది. నీ గొంతులో మాత్రం బడికి వచ్చిన ఇన్‌స్పెక్టరులాగా ఉంది" అంది.

నేను ఆ సంభాషణలన్నీ అచ్చుభాషలో రాసుకున్నాను. "జుట్టు విరబోసుకుని ఎక్కడికి వెళుతున్నావు?" అని. పుస్తకం గౌరవంగా ఉండాలనుకున్నాను. ఆ సంగతే చెప్పాను. మీ అమ్మ అయితే ఈ మాట ఎట్లా అంటుందని అడిగింది. కాస్త సిగ్గుపడుతూనే అన్నాను:

"ఏందే, జుట్టు ఇరబోసుకోని యాడికి పోతుండావు?"

ఆమె కళ్ళు తెరిచింది. ఇదే, ఈమే నా తల్లి అంది. వయసులో ఉన్నప్పుడు తన మొదటి పుస్తకాన్ని ఒక ప్రచురణకర్త తిప్పి పంపాడట, ఈ ఆడవాళ్ళ చేత మంచి ఇంగ్లీషు మాట్లాడించి తెమ్మని. తాను మాట్లాడించలేదట. వేరే ప్రచురణకర్త దొరికేదాకా పుస్తకాన్ని పెట్టెలో పెట్టుకుని కూర్చుందట. ఆ సంగతి చెప్పి, మీ అమ్మతో మాట్లాడవచ్చా అని అడిగింది.

వాట్సాప్‌లో వీడియో కాల్ చేశాను. అక్కడ మధ్యాహ్నం, మా ఊళ్ళో పొద్దు వాలుతోంది. అమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. ఇద్దరి మధ్యా నేను మాటలు అటూ ఇటూ చేరవేశాను. అమ్మ ముందు ఆమె వయసు కనుక్కుంది. తనకంటే పెద్దదని తేల్చుకుని అక్కా అని పిలిచింది.

"అక్కా, అంత సలిలో నీకు వండి పెట్టేదెవురు?"

తానే వండుకుంటానని రచయిత్రి చెప్పింది. అంత పెద్దమనిషిని పిలిపించుకుని వంట కూడా ఆమె చేతే చేయిస్తారా అని అమ్మ నన్ను నిలదీసింది. అమ్మ ఇంతవరకూ సముద్రం చూడలేదు. చుట్టూ నీళ్ళుండే ఊరంటే ఎట్లుంటుందో చెప్పమంది. చుట్టూ నీళ్ళే, తాగడానికి మాత్రం వాన కురిసినప్పుడు ఇంటికప్పు మీదనుంచి డ్రమ్ములో పట్టుకునేవాళ్ళమని ఆమె చెప్పింది. అమ్మ జాలిపడింది. తమ దగ్గర ట్యాంకరు వస్తుందని, రాకపోతే ఆ రోజంతా దానికోసం చూడటమే పని అని చెప్పింది.

అప్పుడు రచయిత్రి, కలుపు తీసేటప్పుడు మీరు రోజంతా ఏం మాట్లాడుకునేవాళ్ళు అని అడిగింది.

"ఏముండాది? ఒకరు కత చెప్పేది, మిగతావాళ్ళం ఊ కొట్టేది. ఊ కొట్టకపోతే కత ఆగిపోతది" అంది అమ్మ.

ఊ కొట్టడమంటే ఏమిటో నేను వివరిస్తుండగానే ఆమె కుర్చీలోంచి లేచింది. తమ దీవిలో కథ చెప్పేవాళ్ళు మధ్యమధ్య ఒక మాట విసురుతారట. వినేవాళ్ళు దానికి జతమాట తిరిగి విసరాలట. జవాబు రాకపోతే అందరూ నిద్రపోయారని కథ ఆపేస్తారట. తన నాయనమ్మ అట్లాగే చెప్పేదట. ఇది మీకెవరు నేర్పారో కనుక్కోమంది.

అమ్మకు ఆ ప్రశ్నే విచిత్రంగా తోచింది. "ఎవురు నేర్పుతారు? చెప్పేటోళ్ళకి, వినేటోళ్ళు ఉండారో లేదో తెలియాల గదా" అంది.

రచయిత్రి తెర దగ్గరకు వంగి ఊ అంది. అమ్మ ఆమెనే చూస్తూ కూర్చుంది. వాళ్ళిద్దరి మధ్యా ఎన్ని సముద్రాలున్నాయో నాకు తెలియదు.

నేను బయల్దేరే ముందు ఆ సంస్థ హాలులో ఆమె రచన చదివే కార్యక్రమం పెట్టారు. ప్రొఫెసర్లు, పరిశోధకులు, ఆ ఊరి చదువరులు. హాలు నిండింది, చీమ చిటుక్కుమంటే వినిపించేంత నిశ్శబ్దం. ఆమె రెండు పేజీలు చదివి ఆగింది. ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని అడిగింది. నవ్వులు వినిపించాయి. అప్పుడు ఆమె మా అమ్మ చెప్పినదంతా చెప్పి, ఊ అనడం వాళ్ళకు నేర్పించింది. మొదట బెరుగ్గా ఒకరిద్దరు అన్నారు. తర్వాత ముందు వరస అంతా, ఆ తర్వాత హాలంతా.

ఆమె చదివిన భాగాన్నే తెలుగులో చదవమని నన్ను పిలిచింది. అప్పటికి ఆ భాగాన్ని అమ్మ మాటల్లోకి తిరగరాసుకున్నాను. ఏందే అని తల్లి అరవగానే ఊ అన్నారు. కూతురు ఎదురు చెప్పగానే ఊ అన్నారు. ఒక్క ముక్క తెలియని మనుషులు మా పల్లె మాటకు అట్లా తలలూపుతూ బదులిస్తుంటే, చదువుతున్న పేజీ నాకు మసకబారింది. అట్లాగే చివరిదాకా చదివాను.

తిరిగొచ్చాక నవలను మొదటి పేజీనుంచి మళ్ళీ చేశాను. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం పట్టింది. పుస్తకం అచ్చయ్యాక మార్కాపురంలో పుస్తకాల దుకాణం నడిపే శెట్టిగారు ఇంటర్ గైడ్ల పక్కనే దాన్ని పేర్చారు. కొన్నవాళ్ళలో యర్రగొండపాలెంనుంచి వచ్చి మా కాలేజీలో చదివే అమ్మాయి ఒకతె ఉంది. క్లాసు అయ్యాక నా దగ్గరకొచ్చి, ఆ చెరకు తోటలు మన జిల్లాలో ఎక్కడున్నాయి మేడమ్ అని అడిగింది.

రచయిత్రి ఇప్పుడు తన దీవిలోనే ఉంది. కళ్ళు సరిగ్గా కనబడటం లేదు. మెయిళ్ళు మానేసి వాయిస్ మెసేజీలు పంపుతుంది. ఆదివారం చర్చి అయ్యాక నేను కంభం చెరువు కట్ట మీదికి పోయి అవి వింటాను. అప్పుడు ఆ సంస్థలో కూర్చుని రాసిన గుడ్డివాడి పుస్తకంలో ఇంకా కుదరని వాక్యాలను నాలుగైదు రకాలుగా చెప్పి, ఏది బాగుందో చెప్పమంటుంది. నాకు తోచింది చెబుతాను. ఆమె గొంతు వెనకాల అక్కడి గాలి హోరు, అలల చప్పుడు ఆగకుండా వినిపిస్తూనే ఉంటాయి.