‘ఫిక్స్‌డే సార్’ అని చెప్పింది నేనే

2022 వేసవి. తిరుపతి బస్టాండుకు నడిచి వెళ్లేంత దూరంలో, ఒక సెల్‌ఫోన్ల దుకాణం పైన రెండో అంతస్తులో మా ఆఫీసు ఉండేది. నా హోదా హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్. చేసే పని మాత్రం ఫోన్లు చేయడం. ఉద్యోగాల వెబ్‌సైట్లలో పేరు నమోదు చేసుకున్నవాళ్ల నంబర్లు ఉదయానికల్లా నా కంప్యూటర్‌లో సిద్ధంగా ఉండేవి. వాళ్లలో కొంతమందినైనా మరుసటి రోజు ఇంటర్వ్యూకు వచ్చేలా ఒప్పించాలి. అలా ఒప్పుకున్నవాళ్ల జాబితాను మా భాషలో ‘లైనప్’ అంటారు. అందులోంచి నిజంగా చేరినవాళ్లు ‘జాయినింగులు’. మా పనితనాన్ని ఆ జాయినింగులతోనే కొలిచేవారు.

ఇప్పుడు తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో, పనివాళ్లను తీసుకునే విభాగంలోనే ఉన్నాను. ఇన్నేళ్లలో వందల మందిని ఉద్యోగాల్లో చేర్చి ఉంటాను. చాలామంది పేర్లు కూడా గుర్తులేవు. మస్తాన్ బాషా పేరు మాత్రం మరిచిపోలేను.

తిరుపతిలోని ఆ పాత కంపెనీ ఇంటింటికీ తిప్పి హెల్త్ కార్డులు అమ్మించేది. ఆ కార్డు చూపిస్తే ఆసుపత్రుల్లో బిల్లు తగ్గుతుందని చెప్పేవాళ్లు. అమ్మేవాళ్లకు జీతం లేదు, అమ్మిన కార్డు మీద కమీషనే. ప్రకటనలో మాత్రం ‘ఆఫీస్ అడ్మిన్ కావలెను, నెలకు మంచి ఆదాయం’ అని ఉండేది. ఫోన్లో ఏం మాట్లాడాలో రాసిన కాగితం మా టేబుళ్ల మీద అతికించి ఉండేది. ‘అమ్మకం’ అనే మాట నోట రాకూడదు. ‘కస్టమర్లకు గైడెన్స్’ అనాలి. జీతం గురించి అడిగితే ‘ఫిక్స్‌డే’ అనాలి. అసలు సంగతి మూడో రోజు ట్రైనర్ చెబుతాడు. అది అబద్ధమని నాకు తెలియదా అంటే, తెలుసు. చేరిన రెండో వారానికే తెలిసింది. అయినా ఫోన్లు చేస్తూనే ఉన్నాను.

మస్తాన్ బాషాది చిత్తూరు. నలభై ఆరేళ్లు. బజారులో ఒక బట్టల దుకాణంలో పద్దెనిమిదేళ్లుగా సేల్స్‌మన్. రోజంతా నిలబడీ నిలబడీ కాళ్ల నరాలు ఉబ్బిపోయాయని, కూర్చుని చేసే పని కోసం చూస్తున్నానని మొదటి ఫోన్లోనే చెప్పాడు. మరుసటి రోజు తనే మళ్లీ ఫోన్ చేశాడు.

“అమ్మా, ఒక్క మాట అడగాల. జీతం నెలనెలా కచ్చితంగా వస్తాదా? ఈడ పని మానుకోని రావాల నేను. మా సేఠు ఒకసారి పోయినోన్ని మళ్లీ పెట్టుకోడు. అందుకే అడగతా ఉండా.”

“ఫిక్స్‌డే సార్. ఏం భయం లేదు.”

“నువ్వు సెప్తా ఉండావు కాబట్టి వస్తానమ్మా.”

నా గొంతు మెత్తగా ఉంటుందని మేనేజర్ నన్ను మెచ్చుకునేవాడు. ఆ గొంతుతోనే చెప్పాను.

ఆయన బట్టల దుకాణం మానేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని తిరుపతి వచ్చాడు. మొదటి రెండు రోజులు చప్పట్లు, నినాదాలు, కారు కొన్నవాళ్ల ఫొటోలు. ఇంగ్లీషులో ఉన్న అగ్రిమెంటు మీద అందరిచేతా సంతకాలు తీసుకున్నారు. మూడో రోజు ట్రైనర్ కమీషన్ సంగతి చెప్పగానే హాల్లో సగం మంది లేచి వెళ్లిపోయారు. మస్తాన్ బాషా నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“అమ్మా, ఆయప్ప జీతమే లేదంటా ఉండాడే?”

నేను తలెత్తకుండా, “మూడు నెలలు ట్రైనింగ్ సార్, తర్వాత ఫిక్స్ చేస్తారు” అన్నాను. ఆ జవాబు కూడా కాగితంలో ఉంది.

ఆయన వెళ్లిపోలేదు. వెళ్లడానికి చోటు లేదు. చిత్తూరులో ఆయన స్థానంలో అప్పటికే ఇంకొకర్ని పెట్టుకున్నారు.

కొత్తగా చేరినవాళ్లు ముందు ‘వార్మ్ మార్కెట్’ రాయాలి. అంటే తమకు తెలిసిన వంద మంది పేర్లు, ఫోన్ నంబర్లు. బంధువులు, వీధివాళ్లు, మసీదులో పక్కన నిలబడేవాళ్లు, పాత గిరాకీలు. ముక్కూ మొహం తెలియనివాళ్లు కొనరని కంపెనీకి తెలుసు. మనిషి మీద నమ్మకంతో కొనేవాళ్లు అయిపోగానే ఆ మనిషితో పని కూడా అయిపోతుంది. ఇంకొకరు వస్తారు, ఇంకో వంద పేర్లు వస్తాయి. వ్యాపారం మొత్తం అంతే.

పద్దెనిమిదేళ్లు బట్టలమ్మినా, రంగు పోయే చీరను పోదని చెప్పి అంటగట్టని మనిషి ఆయన. అందుకే ఆయన మాట మీద చాలామంది కార్డులు తీసుకున్నారు. అందరికంటే ముందు తీసుకుంది సొంత అక్క. ఆమె భర్తకు డయాలసిస్ జరుగుతోంది.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఆయన ఆఫీసుకు వచ్చాడు. కార్డును నా ముందు పెట్టాడు.

“ఆస్పత్రి కౌంటర్లో ఇది సూపిస్తే నగినారంటమ్మా. ఈ కార్డు పేరే మేం వినలేదన్నారంట. మా అక్క ఆడ్నించే ఫోన్ సేసి, ‘నన్ను గూడా మోసం సేసినావా రా’ అనింది. నేనేం సెప్పాల? నాకూ తెలీదంటే నమ్మతాదా?”

నేను కార్డు తీసుకుని అటూ ఇటూ తిప్పాను.

“నీకు తెలుసా అమ్మా? ఫోన్లో సెప్పినపొద్దే తెలుసా?”

కాగితంలో ఈ ప్రశ్నకు జవాబు లేదు. “తెలుసు అన్నా” అన్నాను. అంతకుముందు ఆయన్ని ఎప్పుడూ అన్నా అని పిలవలేదు.

ఆయన కోప్పడతాడనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చుని, కాళ్లు ఒత్తుకున్నాడు.

ఆయనతో కలిసి లేబర్ ఆఫీసుకు వెళ్లి, ఫిక్స్‌డ్ జీతమని చెప్పింది నేనేనని రాసిచ్చాను. ఇదేదో ధైర్యం అనుకోకండి. అప్పటికి నాకు నిద్ర పట్టడం మానేసింది. విచారణకు మా మేనేజర్ తెల్ల చొక్కాలో, నవ్వుతూ వచ్చాడు. “మేం జీతమని ఎక్కడా రాయలేదు సార్. ప్రకటన చూడండి, ఆదాయం అనే ఉంది. ఈ అమ్మాయి జాయినింగుల కోసం తనంతట తాను ఏదో చెప్పుంటుంది” అన్నాడు. ఫోన్ రికార్డింగులు తీయించమని అడిగాను. నెల దాటినవి తమ దగ్గర ఉండవన్నాడు. టేబుళ్ల మీది కాగితాలు అంతకుముందే మాయమయ్యాయి.

అధికారి చెడ్డవాడు కాదు. అగ్రిమెంటు రెండుసార్లు చదివి మస్తాన్ బాషా వైపు తిప్పాడు.

“దీంట్లో నువ్వు ఇండిపెండెంట్ అసోసియేట్ అని ఉండాదప్పా. అంటే ఉద్యోగివి కాదు, సొంతంగా యాపారం సేసుకునే ఏజెంటువి. జీతం కేసు నిలబడదు. సదవకుండా సంతకం ఎట్ల పెట్టినావు?”

“ఇంగ్లీషులో ఉండాది సార్. ఆ యమ్మ ముందే సెప్పింది గదా అని పెట్టినా.”

గదిలో అందరూ నా వైపు చూశారు. కంపెనీ మీద ఏ చర్యా లేదు. నన్ను మాత్రం, అభ్యర్థులకు తప్పుడు సమాచారం ఇచ్చినందుకు, ఆ వారమే తీసేశారు.

ఆ తర్వాత మస్తాన్ బాషా ఏం చేశాడో ఆలస్యంగా తెలిసింది. కార్డు కొన్న ప్రతి ఇంటికీ మళ్లీ వెళ్లి, అది పనికిరాదని తనే చెప్పాడట. కొందరు తలుపు వేశారు, కొందరు నలుగురిలో తిట్టారు. అక్క రెండేళ్లు మాట్లాడలేదు. భర్త పోయిన రోజు కూడా కబురు పంపలేదు.

నిరుడు కాణిపాకం వెళ్లినప్పుడు గుడి దారిలో ఒక తువ్వాళ్ల అంగడి ముందు ఆయన కనిపించాడు. అంగడి ఆయనది కాదు, కూలికి అమ్ముతున్నాడు. మళ్లీ నిలబడే పనే. కాళ్లకు పట్టీలు కట్టుకున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. మా ఫ్యాక్టరీలో గేటు దగ్గర కూర్చుని చేసే పని ఖాళీగా ఉందని, జీతం కాగితం మీద చూపించే చేర్చుకుంటామని చెప్పాను.

ఆయన చేతిలోని తువ్వాలు మడత పెట్టి పక్కన పెట్టాడు.

“మంచి పనే ఉంటాదేమోలేమ్మా. నువ్వు సెప్తే మాత్రం నేను రాను.”

అంతలో ఎవరో తువ్వాలు ధర అడిగితే అటు తిరిగాడు.

ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది చాలా చిన్నది. అలాంటి మోసాన్ని మేనేజర్ ఒక్కడే నడపలేడు. అవతలివాళ్లకు ధైర్యం చెప్పే మంచి గొంతు ఒకటి కావాలి. ఆ గొంతుకు కూడా ఇల్లు గడవాలి కాబట్టి అది దొరుకుతూనే ఉంటుంది. తర్వాత ఎంత నిజం చెప్పినా, నమ్మాల్సినవాళ్లు మనల్ని నమ్మరు. ఆయన ఆ రోజు రానన్నది సరైన నిర్ణయమే. ఆయన స్థానంలో ఉంటే నేనూ నా మాట నమ్మి వెళ్లేదాన్ని కాదు.