మారు అడగని బంగ్లా

మా ముత్తాత ఈ తాలూకాకు దేశ్‌ముఖ్. ఆయన కొడుకు, అంటే మా తాత, సుబేదారు ఎదుట కుర్చీలో కూర్చునే హక్కు ఉన్నవారు. మిగతావాళ్లు నిలబడేవాళ్లు. మా నాయన దాకా ఆ హక్కు రాలేదు గానీ ఆ కూర్చునే తీరు వచ్చింది. కుర్చీ ఎలాంటిదైనా వెన్ను ఆనించేవారు కాదు. నేనూ ఆనించను.

నలభైల చివర్లో, నిజాం రాజ్యం పోయాక వచ్చిన చలికాలం నాటి మాట ఇది. అప్పటికే మేముండే పెద్ద గడి వెనక భాగం వానలకు కూలిపోయింది. ముందు భాగమైనా నిలవాలంటే దూలాలు మార్పించాలి. అందుకు అమ్మదగిన వస్తువు ఒక్కటే మిగిలింది, సింహద్వారానికి ఉన్న టేకు తలుపులు. అవి అమ్ముడుపోతే ఇల్లు ఉంటుంది, లేకపోతే ఇల్లే అమ్మాలి. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

సిద్దిపేట అవతల గుట్టల మీద ఒక చిన్న బంగ్లా ఉండేది. ఎవరో ఇంజనీరు ఎండాకాలాలు గడపడానికి కట్టుకున్నది. సికింద్రాబాద్ నుంచి వచ్చిన ఒక వ్యాపారి దాన్ని కొని హోటల్ చేశాడు. జబ్బుపడి లేచినవాళ్లు మంచి గాలి కోసం వచ్చి కొన్నాళ్లు ఉండిపోయేవాళ్లు. సిద్దిపేటలో హోటల్ అంటే చాయ్ తాగే చోటు. మావాళ్లు అందులో అడుగు పెట్టరు. కాబట్టి నాయన ఆ మాట వాడకుండా "బంగ్లాకు పోతున్నం" అన్నారు. ఆ వ్యాపారి మా ఊరి మీదుగా పోతూ తలుపులు చూశాడట. తన భోజనాల హాలుకు అవి కావాలని ఆశపడ్డాడు. నాలుగు రోజులు తన ఇంటి చుట్టాల్లాగా వచ్చి ఉండమని, అక్కడే మాట్లాడుకుందామని కబురు పంపాడు.

నాయన, అమ్మ, నేను ఎద్దులబండిలో వెళ్లాం. చుట్టాలింటికి పోతున్నట్టే అమ్మ సకినాల డబ్బా, ఆ ఇంటి ఇల్లాలికి ఒక రవికగుడ్డ తెచ్చింది. ఆ వ్యాపారికి భార్య లేదు. ఉన్నన్నాళ్లూ ఆ రవికగుడ్డ మా గది గూట్లోనే ఉంది.

భోజనానికి అందరికీ కలిపి ఒక పొడుగాటి బల్ల. అమ్మ తల మీదుగా కొంగు లాక్కుని కూర్చుంది. మా ప్రాంతంలో వడ్డిస్తున్నప్పుడు చెయ్యి అడ్డం పెట్టి చాలు అనాలి. వడ్డించేవాళ్లు ఆ చెయ్యి పక్కకు జరిపి మళ్లీ అడగాలి. అప్పుడూ చాలు అనాలి. ఆ తర్వాతే తినాలి. ఇది ఒకరు నేర్పేది కాదు. వడ్డించే మనిషి కూర గిన్నెతో వస్తే నాయన పళ్లానికి చెయ్యి అడ్డం పెట్టి చాలు అన్నారు. అతను గిన్నె తీసుకుని ముందుకు జరిగాడు. అమ్మా చాలంది. నేనూ చాలన్నాను. గిన్నె బల్ల చివరికి వెళ్లిపోయింది. ఉత్త పప్పన్నం కొంచెం తిని ముగ్గురం లేచాం.

మధ్యాహ్నం వరండాలో అమ్మ ఆ మనిషిని పిలిచింది. అతనిది దగ్గరి ఊరు చింతమడక.

"ఏంరా, మీ ఊళ్లె గిట్లనే వడ్డిస్తరా?"

అతను నవ్వాడు. "మా ఇంట్లనైతే చెయ్యి గుంజి పారేసి ఏస్తం దొరసాని. గీడ సాబు ఒప్పుకోడు. ఒక్కపారే అడగాలంటడు. బతిమిలాడితే పట్నపోళ్లకు కోపమొస్తదట."

"మరి మేం ఉపాసముండాల్నా?"

"చాలు అనకుండ్రి. గంతే."

అమ్మ గదిలోకి వచ్చి సకినాల డబ్బా తీసింది. నాయన వద్దన్నారు. మళ్లీ వద్దన్నారు. మూడోసారి తీసుకున్నారు.

"తలుపుల ముచ్చట వస్తే మాత్రం చెయ్యి అడ్డం పెట్టకుండ్రి" అంది అమ్మ.

"నేనేమన్న ఆకలికి ఆగనోన్నా?" అన్నారు నాయన, సకినం విరుస్తూ.

మరునాడు పొద్దున వ్యాపారి మమ్మల్ని హాలు ముందుకు తీసుకెళ్లాడు. ద్వారం ఉండాల్సిన చోట ఒక గుడ్డ వేలాడుతోంది. పక్క గోడ మీద మా తలుపుల ఎత్తు, వెడల్పు సుద్దతో గీసి ఉన్నాయి. గడపకు చోటు కూడా గీశాడు.

"సాబ్, మీ తలుపులు ఈడ నిలబడితే నా బంగ్లాకు ఇజ్జత్ వస్తది. నాకిస్తరా?"

నాయన ఆ గీతల వైపు చూడలేదు. చేతికర్రను రెండు చేతులా పట్టుకుని "ఇప్పుడెందుకు లెండి" అన్నారు.

"మీ ఇష్టం సాబ్. పెద్దలనాటి తలుపులు. నేను బలవంతం చెయ్య."

అతను వెటకారంగా అనలేదు, మర్యాదగానే అన్నాడు. తర్వాత కొత్తగా కట్టించిన నీళ్ల తొట్టి చూపించాడు. నేను వెనక నిలబడి ఉన్నాను. ఏమీ అనిపించలేదు. చాయ్ తాగాక మళ్లీ అడుగుతాడనుకున్నాను.

మిగిలిన రోజులు నాయన పొద్దున్నే షేర్వానీ వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని వరండాలో కూర్చున్నారు. కింద బండరాళ్లు, వాటి మధ్య సీతాఫలం చెట్లు, ఆపైన ఊరికి పోయే బాట. వ్యాపారి అటుగా వచ్చి వేడినీళ్లు అందాయా అని అడిగాడు. అందాయన్నారు. ఇంకోసారి వచ్చి ఇవాళ మంచు ఎక్కువుందన్నాడు. అవునన్నారు. నేను పక్కనే పేపరు పట్టుకుని ఉన్నాను. ఏం చదివానో తెలియదు. భోజనాల దగ్గర అమ్మ చాలు అనడం మానేసింది. నాయన, నేను మానలేదు.

బయలుదేరిన రోజు వ్యాపారి మెట్ల దాకా వచ్చి దండం పెట్టాడు. "మళ్ల రాండ్రి సాబ్" అన్నాడు. నాయన తలూపి బండి ఎక్కారు. రవికగుడ్డ అమ్మ ఒడిలో ఉంది.

బండి గుట్ట దిగింది.

"ఆయన మళ్ల అడగలే" అన్నారు నాయన.

"ఒక్కపారి అడిగిండు గద" అంది అమ్మ.

"ఒక్కపారి అడిగితే ఇచ్చేటోళ్లమా మనం?"

అమ్మ ఒడిలోని రవికగుడ్డ మడత సరిచేసింది. నాయన మాటలో నాకు అప్పుడు తప్పు కనిపించలేదు. ఇప్పుడూ కనిపించదు. నన్ను అడిగి ఉన్నా అదే చెప్పేవాణ్ణి. బండి కుదుపులకు తల గూటికి తగులుతున్నా ఇద్దరం నిటారుగానే కూర్చున్నాం.

కొన్నాళ్లకు ఆ బంగ్లాకు హైదరాబాద్ నుంచి వేరే తలుపులు వచ్చాయని విన్నాం. వానలు మొదలుకాక ముందే గడిని గజ్వేల్‌కు చెందిన ఒక షావుకారుకు అమ్మాం. తలుపులు ఇంటితో పాటే పోయాయి. వాటికి వేరే ధర కట్టలేదు.