అప్పన్న మావ గదికి రాని ఫ్యాన్

అప్పన్న మావ పోయాడు.

నిన్న పొద్దున్న నెల్లిమర్లలో బస్సెక్కతంటే ఫోనొచ్చింది. "ఏ అప్పన్న?" అని అడిగాను. ఏటి నా బుర్ర! నాకు తెలిసిన అప్పన్న ఒక్కడే కదా.

మా జియాలజీ ల్యాబ్‌లో రాళ్లు కోసే మనిషి. చుట్టమేం కాదు. ఇద్దరిదీ కోటబొమ్మాళి, అందుకే మావ.

మేం పీహెచ్‌డీ వాళ్లం ఆరుగురం. ఒకడిది గార్నెట్, ఒకమ్మాయిది మాంగనీసు, నాది చార్నొకైట్ అనే నల్లరాయి.

టాపిక్ ఏదైనా పని నడిచేది మాత్రం ఆయన చేతుల మీదే. రాతి ముక్కని గాజు పలకకి అంటించి, వెలుగు అవతలికి కనపడేంత పల్చగా అరగదీయాలి. అప్పుడే మైక్రోస్కోప్‌లో ఏటైనా కనిపిస్తాది.

ఒకసారి తొందరపడి నా రాయి నేనే అరగదీశాను.

రాయంతా పోయి ఉత్త గాజు మిగిలింది. పాతపట్నం అవతల కొండెక్కి మోసుకొచ్చిన రాయది. కూర్చుని ఏడ్చేశాను.

"ఒలే గుంటా, నీ సబ్మిషన్ డేట్ రాయికేటి తెలుస్తాదే!" అని నవ్వి, కోయగా మిగిలిందని నేను పారేసిన ముక్క వెతికి తెచ్చి, రెండ్రోజులు కూర్చుని మళ్లీ చేసిచ్చాడు.

నవ్వితే చాలు, దగ్గు. ఆయన రాళ్లు కోసే గది కిటికీ సగమే తెరుచుకుంటాది. దుమ్మంతా ఎక్కడికి పోతాది? ఎగ్జాస్ట్ ఫ్యాన్ కావాలని లెటర్ మీద లెటర్ పెట్టాడు. రెండు నేనే రాసిచ్చాను.

ఫ్యాన్ వచ్చింది.

సెమినార్ హాల్ టాయిలెట్‌లో పెట్టారు. గెస్టులకి వాసనొస్తాదంట!

సిగ్గుండాలి.

ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్మేనన్నాడు డాక్టరు. నిన్న డిపార్ట్‌మెంట్ గ్రూప్‌లో ఏం పెట్టారు? "అవర్ బిలవ్డ్ ఫ్యామిలీ మెంబర్" అని, రెండు దీపాల బొమ్మలు.

ఆ ఫ్యామిలీ మెంబర్ పేరు మీ ఒక్క పేపర్లోనైనా ఉందా సార్?

నా థీసిస్‌లోనూ లేదు. గైడ్ గారి భార్య ఇచ్చిన టీకి కూడా థాంక్స్ రాశాను, ఈయన్ని మర్చిపోయాను. నన్నూ తిట్టండి.

ఆ దీపాల కిందే ఇంకో మెసేజ్. సోమవారం నుంచి ఆ గదిలో పని అటెండర్ లక్ష్మి చూస్తాదంట. మనిషి చితి ఇంకా ఆరలేదు!

లక్ష్మీ, నువ్వీ పోస్ట్ చూస్తావని తెలుసు. ఫ్యాన్ పెట్టేదాకా ఆ గదిలో అడుగు పెట్టకు. అడిగితే నా పేరు చెప్పు. సోమవారం పొద్దున్న ఆ గుమ్మంలో నేనే కూర్చుంటాను. నిన్ను లోపలికి పంపాలంటే ముందు నన్ను లేపమను.

వెళ్లిరా మావా. ఇకనైనా దగ్గు లేకుండా హాయిగా పడుకో.