వంకలత్త పరీక్ష

డెయిరీ ఫారంలో ఏ బండి కొనాలన్నా ముందు వంకలత్త సరే అనాలి. ఆ పేరు పెట్టింది ఆమె కింద పనిచేసేవాళ్లే. ఇవాళ గడ్డిమోపులు, పాలక్యాన్లు మోసే నాలుగు చక్రాల ఏటీవీ ఒకటి పరీక్షకొచ్చింది. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, చేతులకు తడి తొడుగులు, వాటితోనే ఆమె బండి చుట్టూ తిరిగింది. ప్లాస్టిక్ మీద వేలి కణుపుతో కొట్టి, "డొల్ల" అంది. బురద మిట్ట ఎక్కించి దించి, "ఎడమకి లాగుతోంది" అంది. బండి అమ్మడానికొచ్చినతను అంతవరకూ ఓర్చుకున్నాడు. ఆమె బండి వెనక సామాను ట్రే పైకెత్తి కొక్కెం తగిలించడం, అది జారి ట్రే దభీమని పడటం, మళ్లీ ఎత్తడం చూసి అతని ఓపిక నశించింది.

"ఇరవైసార్లు ఎత్తారమ్మా. అంత చిన్న కొక్కెంలో ఏముంటుంది?"

"నాలుగుసార్లకొకసారి జారుతోంది."

"గట్టిగా నొక్కితే జారదండీ. ఆ తొడుగులు తీసి నొక్కండి, మీకే తెలుస్తుంది."

ఆమె విసురుగా కుడిచేతి తొడుగు లాగేసింది. బొటనవేలు సగం వరకే ఉంది.

"పాత బండి అమ్మినతను కూడా గట్టిగా నొక్కమనే చెప్పాడు."