వేడుకోని అర్జీ

నా భార్య పోయి పదహారు రోజులైంది. అనంతపురం కోర్టులో వకీలుగా పనిచేసింది. తెలియనివారికి తెలియజేయడానికే ఇది రాస్తున్నాను.

కోర్టు నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా మెట్ల మీద కూర్చుని చెంబెడు నీళ్లు తాగేది. అప్పటికే వరండాలో ఎవరో ఒకరు కాచుకుని ఉండేవారు. మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదులు ఫీజు తీసుకోకుండా రాసిపెట్టేది. వాళ్లు తెచ్చిన కాగితంలో ‘వేడుకుంటున్నాను’ అని ఉంటే కొట్టేసేది.

ఒకసారి పామిడి నుంచి ఒకామె వచ్చింది. ఆమె భర్త దర్జీ. దొంగతనం చేశాడన్న అనుమానంతో వేరే ఊరి పోలీసులు అతన్ని మూడు రోజులు స్టేషన్‌లో ఉంచి కొట్టారు. కేసు రాయలేదు. వదిలేశాక ఊరు అతన్ని దొంగ అంది. అతడు మళ్లీ మిషను ముందు కూర్చోలేదు. ఏడాదిలోపు ఫిర్యాదు చేస్తేనే కమిషన్ విచారిస్తుంది. ఇంకా పన్నెండు రోజులే మిగిలాయి.

“కాళ్లు పట్టుకుంటాండామని రాయమ్మా. అట్ల రాయకుంటే పెద్దోళ్లు చదువుతారా?” అందామె.

“చదవాల్సిందే. పార్లమెంటు చట్టం చేస్తేనే ఆ కమిషన్ పుట్టింది. వాళ్లకు కుర్చీ ఇచ్చింది ఆ చట్టమే, నీకు అడిగే హక్కు ఇచ్చిందీ అదే. ఇంగ కాళ్లెందుకు?”

“అబ్బా, ఎంత పొగరమ్మా నీకు!”

ఇద్దరూ నవ్వారు. నాకు మాత్రం నమ్మకం కలగలేదు. “కమిషన్ సిఫారసే చేస్తాది. ఆజ్ఞ ఇయ్యలేదు కదా?” అన్నాను.

“సివిల్ కోర్టు మాదిరి పిలిపిచ్చి అడుగుతాది సార్. ప్రిన్సిపాల్ మెమో ఇస్తే మీకు రెండు దినాలు ముద్ద దిగలేదు. కమిషన్ నోటీసు పోతే ఆ పోలీసోళ్లకు దిగుతాదా?” అంది నా భార్య. నేను కాలేజీ లెక్చరర్‌ని కాబట్టి వేళాకోళానికి నన్ను సార్ అనేది.

నోటీసు పోయింది. దొంగతనానికి ఆధారమేదీ లేదని పోలీసులే రాసిచ్చారు. అతని హక్కులకు భంగం కలిగిందని కమిషన్ తేల్చింది. ఆ కాగితాన్ని నా భార్య వరండాలో నిలబడి, అతని పేరు వచ్చినచోటల్లా గొంతు పెంచి చదివింది. నాకెంత గర్వంగా ఉండిందో ఆమెకు చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

అంత్యక్రియల రోజు ఆ దర్జీ వచ్చాడు. ఎవరూ అడగకుండానే పాడె కింద భుజం పెట్టాడు. శ్మశానం దారిలో పోలీసు జీపు ఎదురై, పక్కకు తప్పుకుని ఆగింది. అతడు తల దించలేదు. మధ్యాహ్నపు ఎండలో, ఆ జీపు పక్కగానే, అడుగు తడబడకుండా ఆమెను మోసుకుపోయాడు.